సఫారీకి ఏ దేశం? ముందు కాస్త చరిత్ర

ఆఫ్రికా సఫారీకి ఏ దేశమైతే బావుంటుంది అని ఎవరు వెతికినా ఒకే రకం టేబుల్ దొరుకుతుంది. ఎడమపక్క దేశాల పేర్లు, పైన జంతువులు, వెళ్ళాల్సిన నెలలు, రోజుకి ఎన్ని డాలర్లు. టీములో ఎవరో ఒకరు దాన్ని ఎక్సెల్లోకి ఎక్కించి, వెయిటేజీలు పెట్టి, చివర్లో మార్కులు తేలుస్తారు (మనవాళ్ళు పెళ్ళిసంబంధాలు కూడా అలాగే చూస్తారు లెండి). ఆ టేబుల్లో ఒక కాలమ్ మాత్రం ఎప్పుడూ ఉండదు. ఆ పార్కు ఎలా పుట్టింది, అంతకుముందు అక్కడ ఎవరుండేవాళ్ళు, ఇప్పుడు మనం కట్టే డబ్బు ఎవరికి పోతుంది అనే కాలమ్.

ఇదేదో పుణ్యం కోసం చెప్తున్న మాట కాదు. మారాలో అంత జీపుల రద్దీ ఎందుకు, బోట్స్వానా రేట్లు వింటే కళ్ళు తిరగడం ఎందుకు, క్రూగర్‌లో మన కారు మనమే నడుపుకుంటూ తిరగొచ్చు, సెరెంగెటిలో ఎక్కువమంది గైడు జీపే ఎక్కుతారు, ఎందుకు... వీటన్నిటికీ జవాబులు చరిత్రలోనే ఉన్నాయి. పదిహేనేళ్ళ నాటి కోడ్ మీద పనిచేసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎవరో ఎప్పుడో తీసుకున్న నిర్ణయం ఇవాళ మన స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుంది.

ముందు మాట సంగతి. సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం, అంతే. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చింది. హైదరాబాదులో ఉర్దూ చెవినపడ్డ ఎవరికైనా ఆ మాట తెలిసిందే. దానికి జంతువుల్ని చూడ్డం అనే అర్థం తర్వాతెప్పుడో వచ్చింది. అంతకుముందు తెల్లవాళ్ళ నోట్లో దాని అర్థం వేట. అమెరికా అధ్యక్ష పదవి దిగిన వెంటనే 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ మొంబాసాలో ఓడ దిగాడు. ఆయనా, కొడుకు కెర్మిట్ కలిసి 512 జంతువుల్ని కాల్చారు. మ్యూజియం కోసం అని చెప్పారనుకోండి. మనం ఇప్పుడు టిక్కు పెట్టుకునే 'బిగ్ ఫైవ్' (సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న) కూడా వేటగాళ్ళ లిస్టే. కాలినడకన వేటాడ్డానికి ఏవి ఎక్కువ ప్రమాదమో అవి. అందుకే పాపం జిరాఫీకి అందులో చోటు దొరకలేదు.

రూజ్‌వెల్ట్ ఎక్కిన రైలు మనవాళ్ళు వేసిందే. 1896లో మొంబాసాలో మొదలై 1901లో విక్టోరియా సరస్సు చేరిన ఉగాండా రైల్వే కోసం బ్రిటిష్‌వాళ్ళు ఇండియా నుంచి సుమారు 32,000 మంది కూలీల్ని తీసుకెళ్ళారు. ఎక్కువమంది పంజాబ్ వాళ్ళు. దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. 1898లో త్సావో దగ్గర వంతెన కడుతుంటే రెండు సింహాలు నెలల తరబడి రాత్రిళ్ళు గుడారాల్లోంచి మనుషుల్ని లాక్కెళ్ళాయి. వాటిని చంపిన ఇంజనీరు ప్యాటర్సన్ తర్వాత ఆ సంఖ్యని 135 దాకా తీసుకెళ్ళాడు. ఈ మధ్య ఎముకలు, వెంట్రుకల మీద చేసిన పరిశోధనలో 35 దగ్గర తేలింది. ఆ సింహాలు ఇప్పుడు షికాగో మ్యూజియంలో ఉన్నాయి, త్సావో నేషనల్ పార్క్ అయ్యింది. రైలు పనయ్యాక అక్కడే ఉండిపోయినవాళ్ళ వల్లా, వాళ్ళకంటే ముందునుంచీ ఉన్న గుజరాతీ వ్యాపారుల వల్లా స్వాహిలీలో చపాతీ, దుకా (దుకాణం), గారి (గాడీ), లకి (లక్ష) లాంటి మాటలు కలిశాయి. నైరోబీలో శాకాహార భోజనం సులువుగా దొరకడం వెనక ఉన్నదీ ఈ చరిత్రే. మన టేబుల్లో 'ఫుడ్' కాలమ్‌కి ఇది పనికొస్తుంది.

ఇకపోతే అసలు విషయం. ఆ మైదానాలు చూడగానే 'మనిషి అడుగుపెట్టని ప్రకృతి' అనిపిస్తుంది. టీవీ డాక్యుమెంటరీలన్నీ అలాగే చూపిస్తాయి. కానీ 1880ల చివర్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మాయరోగం ఎరిట్రియా తీరంలో దిగింది. ఇండియా నుంచి ఓడల్లో తెచ్చిన పశువులతోనే వచ్చిందని చాలామంది చరిత్రకారులు చెప్తారు. పదేళ్ళలో ఖండం దక్షిణ కొస దాకా పాకింది. చాలాచోట్ల నూటికి తొంభై పశువులు చచ్చిపోయాయి. పశువులే ఆస్తిగా బతికే మసాయిల్లాంటివాళ్ళు ఆకలితో, మశూచితో కుప్పకూలారు. మేసే పశువులు లేక తుప్పలు పెరిగాయి, తుప్పల్లో సెట్సీ ఈగ, ఈగతో నిద్రజబ్బు. సరిగ్గా అప్పుడే యూరప్ వాళ్ళు మ్యాపులు పట్టుకుని వచ్చి 'అబ్బ, ఎంత ఖాళీ భూమి' అన్నారు. ఉగాండాలో ఇప్పటి మర్చిసన్ ఫాల్స్ పార్కులో కొంత భాగం, నిద్రజబ్బు పేరు చెప్పి జనాన్ని తరలించిన చోట 1910లో గేమ్ రిజర్వ్‌గా మొదలైందే.

అందరూ చూడాలనుకునే వైల్డ్‌బీస్ట్ వలస సంగతి ఇంకా విచిత్రం. ఆ రోగం అడవి జంతువుల్నీ వదల్లేదు. 1950లు, 60లలో చుట్టుపక్కల పశువులకి టీకాలు వేశాక సెరెంగెటిలో వైల్డ్‌బీస్ట్‌కి కూడా రోగం తగ్గింది. 1961లో రెండున్నర లక్షల పైచిలుకు ఉన్నవి 1977కి 13 లక్షలయ్యాయి. అంటే మనం అనాదిగా వస్తోందనుకునే ఆ లక్షల మంద, ఆ స్థాయిలో మళ్ళీ తయారైంది మన నాన్నల కాలంలో, అదీ ఊరి పశువుల డాక్టర్ల పుణ్యాన!

ఇప్పుడు దేశాల వారీగా చూద్దాం.

కెన్యాతో మొదలెడదాం. 1904లో బ్రిటిష్‌వాళ్ళు మసాయిలతో ఒప్పందం రాయించుకుని రైలుమార్గం పక్కన ఉన్న మంచి భూములు తీసుకున్నారు. మీకు లైకిపియా ఎప్పటికీ ఉంటుంది అన్నారు. ఆ 'ఎప్పటికీ' ఏడేళ్ళు నడిచింది. 1911లో ఇంకో ఒప్పందం, ఈసారి అక్కణ్ణుంచి కూడా దక్షిణానికి పొమ్మన్నారు. మసాయిలు లాయర్ని పెట్టుకుని 1913లో కోర్టుకెళ్ళారు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. కోర్టు ఏమందంటే, ఇది రెండు దేశాల మధ్య సంధి లాంటిది కాబట్టి మా పరిధిలోకి రాదు అని. అలా నెట్టబడ్డ దక్షిణాన ఉన్నదే ఇప్పటి మారా. 1961లో అది రిజర్వ్ అయినప్పుడు కేంద్రం చేతిలో కాకుండా స్థానిక కౌన్సిల్ చేతిలో పెట్టారు. ఇప్పటికీ దాన్ని నరోక్ కౌంటీయే నడుపుతుంది.

1977లో రెండు పెద్ద విషయాలు జరిగాయి. ఒకటి, కెన్యా వేటని పూర్తిగా నిషేధించింది. తుపాకీతో వచ్చే కొద్దిమంది ధనవంతుల బదులు కెమెరాలతో వచ్చే ఎక్కువమంది మీద ఆధారపడింది. రద్దీకి మూలం అక్కడుంది. రెండు, కెన్యా, టాంజానియా గొడవపడి సరిహద్దు మూసేశాయి. 1983లో సరిహద్దు తెరిచారు గానీ మారా నుంచి నేరుగా సెరెంగెటిలోకి పోయే దారి మాత్రం దశాబ్దాలపాటు యాత్రికులకి మూసే ఉంది. వైల్డ్‌బీస్ట్ పాస్‌పోర్ట్ లేకుండా నది దాటుతుంది, మనం ఇసెబానియా నుంచో నమంగా నుంచో చుట్టూ తిరిగి రావాలన్నమాట. 'రెండు దేశాలు ఒకే ట్రిప్పులో' అనుకునేవాళ్ళు ఈ ఒక్క విషయానికి ఒకటిన్నర రోజు లెక్కేసుకోండి.

మారాలో తర్వాత వచ్చిన మార్పు ఇంకా ముఖ్యం. రిజర్వ్ బయట మసాయిల ఉమ్మడి భూములు పంచి ఎవరి పట్టాలు వాళ్ళకిచ్చారు. 2005 ప్రాంతం నుంచి ఆ పట్టాదారులు పక్కపక్క భూములన్నీ కలిపి 'కన్జర్వెన్సీ'గా చేసి లాడ్జీల కంపెనీలకి లీజుకివ్వడం మొదలెట్టారు. నెలనెలా కుటుంబానికి అద్దె వస్తుంది. ఎకరాల లెక్కన ఎన్ని గదులుండాలి, ఒక సింహం దగ్గర ఎన్ని జీపులు ఆగాలి అనే లెక్కలుంటాయి. ఇందులో లోటుపాట్లు లేకపోలేదు. కరోనా వచ్చి యాత్రికులు ఆగినప్పుడు అద్దెలూ తడబడ్డాయి, మేత భూములు తగ్గాయని కొందరి బాధ. అయినా భూమి పట్టా మాత్రం వాళ్ళ పేరు మీదే ఉంది. మెయిన్ రిజర్వ్‌కి 2024 నుంచి జూలై–డిసెంబరు నెలల్లో విదేశీయులకి రోజుకి 200 డాలర్ల ఫీజు, మిగతా ఆర్నెల్లు 100.

టాంజానియాది వేరే కథ. సెరెంగెటి 1951లో నేషనల్ పార్క్ అయ్యింది, 14,763 చదరపు కిలోమీటర్లు. అక్కడి మసాయిల్ని ఏం చెయ్యాలి అని ఎనిమిదేళ్ళు వాదించుకున్నారు. 1959లో తేల్చిందేంటంటే, మసాయిలు సెరెంగెటి వదిలెయ్యాలి, బదులుగా పక్కనే ఎన్‌గోరోంగోరోలో జంతువులతో పాటు ఉండొచ్చు అని. ఆ ఏడాదే జర్మనీకి చెందిన గ్రిమెక్ తండ్రీకొడుకుల సెరెంగెటి సినిమా వచ్చింది. చారల విమానంలో తిరిగి జంతువుల్ని లెక్కపెడుతూ కొడుకు మైఖేల్ 1959 జనవరిలో ప్రమాదంలో చనిపోయాడు. సినిమాకి ఆస్కార్ వచ్చింది. యూరప్ మొత్తానికి సెరెంగెటి అంటే మనుషుల్లేని స్వర్గం అనే బొమ్మ పడిపోయింది.

1961లో స్వాతంత్ర్యానికి మూణ్ణెల్ల ముందు నైరేరే 'అరూషా ప్రకటన'లో ఈ జంతువుల్ని మా మనవల దాకా కాపాడతాం అని మాటిచ్చాడు. ఆయనకి సొంతంగా జంతువుల మీద పెద్ద సరదా లేదంటారు. కానీ దేశానికి విదేశీ డబ్బు ఇది కూడా తెస్తుందని ఆయనకి తెలుసు. బడి, ఆసుపత్రి కట్టాల్సిన కొత్త దేశం అంత పెద్ద భూభాగాన్ని పక్కన పెట్టడం మామూలు త్యాగం కాదు, ఇది ఒప్పుకోవాలి. అయితే 1959 నాటి మాట ఇప్పుడు చిరుగుతోంది. 2022 నుంచి ఎన్‌గోరోంగోరో మసాయిల్ని సుమారు 600 కిలోమీటర్ల దూరంలోని మ్సోమెరాకి తరలిస్తున్నారు. ప్రభుత్వం ఇష్టపూర్వకం అంటుంది, చాలామంది మసాయిలు కాదంటున్నారు. అదే ఏడాది జూన్‌లో లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లకి హద్దురాళ్ళు పాతుతుంటే ఘర్షణలు జరిగాయి. జనవరి–మార్చి మధ్య దక్షిణ సెరెంగెటిలో వైల్డ్‌బీస్ట్ ఈనే కాలంలాంటి దృశ్యం ఇంకెక్కడా లేదు, నిజమే. ఆ దృశ్యం వెనక ఎవరి ఇల్లు కదులుతోందో తెలిసి వెళ్ళడం వేరు, తెలియక వెళ్ళడం వేరు.

దక్షిణాఫ్రికాకి వద్దాం. 1898లో పాల్ క్రూగర్ ప్రభుత్వం సాబీ నది పక్కన రిజర్వ్ పెట్టింది. బోయర్ యుద్ధం తర్వాత 1902లో స్టీవెన్సన్-హామిల్టన్ వార్డెన్‌గా వచ్చి 1946 దాకా ఉన్నాడు. వచ్చిన కొత్తలో అక్కడి ఊళ్ళని ఖాళీ చేయించాడు. స్థానికులు ఆయనకి పెట్టిన పేరు 'స్కుకూజా', ఊడ్చేసేవాడు అని అర్థం చెప్తారు. క్రూగర్‌లో అన్నిటికంటే పెద్ద క్యాంపు పేరు ఇవాళ్టికీ అదే! 1926లో నేషనల్ పార్క్, 1927లో మొదటి కార్లు. మొదట్నుంచీ ఆ పార్కుని కారున్న తెల్ల మధ్యతరగతి కుటుంబం కోసం కట్టారు. అందుకే తారురోడ్లు, పెట్రోలు బంకులు, వంటింటితో సహా చవక కాటేజీలు. ఇవాళ మనలాంటివాళ్ళు సొంతంగా కారు అద్దెకి తీసుకుని తక్కువ ఖర్చులో తిరగగలుగుతున్నది ఆ ఏర్పాటు వల్లే.

అయితే ఆ రోజుల్లో మనలాంటివాళ్ళకి అది లేదు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో నటాల్ చెరకు తోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళ పిల్లలు, మనవలు అపార్థైడ్ కాలంలో క్రూగర్‌కి వస్తే రాత్రి బసకి బాలూలే అనే చిన్న క్యాంపే దిక్కు. నల్లవాళ్ళకీ, భారతీయులకీ అదే. ఇప్పుడు బాలూలే అందరిదీ. కంచె పక్కన లాంతర్ల వెలుగులో ఉండే ఆ క్యాంపుని కావాలని బుక్ చేసుకునేవాళ్ళున్నారు. పార్కు ఉత్తర కొస పఫూరిలో ఉండే మకులెకే జనాన్ని 1969లో వెళ్ళగొట్టారు. 1998లో కోర్టు ద్వారా సుమారు 24,000 హెక్టార్లు వాళ్ళకి తిరిగొచ్చింది. వాళ్ళు దాన్ని దున్నలేదు, పార్కులోనే ఉంచి లాడ్జీల మీద ఆదాయం తీసుకుంటున్నారు. క్రూగర్ అంటే అందరూ దక్షిణపు గేట్లే చూస్తారు, పఫూరి ఒకసారి చూడండి.

నమీబియా. ఎటోషాని 1907లో జర్మన్లు రిజర్వ్ చేశారు. 1954లో అక్కడి హైఓమ్ జనాన్ని దక్షిణాఫ్రికా పాలన బయటికి పంపింది. ఇంతవరకూ పాత కథే. 1990లో స్వాతంత్ర్యం వచ్చాక 1996లో ఒక చట్టం తెచ్చారు. ఉమ్మడి భూముల్లో ఉండే జనం సంఘంగా ఏర్పడితే ఆ భూమిలోని అడవి జంతువుల మీదా, టూరిజం మీదా హక్కు వాళ్ళదే. 1998లో నాలుగు సంఘాలతో మొదలై ఇప్పుడు 86 ఉన్నాయి, దేశంలో అయిదో వంతు భూమి. కునేనే ఎడారిలో ఖడ్గమృగాన్ని కాపలా కాసేవాళ్ళు ఆ ఊరివాళ్ళే. ఈ సంఘాల ఆదాయంలో అనుమతి పొందిన వేట కూడా ఒక భాగం. అది నచ్చనివాళ్ళు ఉంటారు, ముందే తెలుసుకోవడం మంచిది. రోడ్లు కంకరవే గానీ ఖాళీగా ఉంటాయి, సొంత డ్రైవింగ్ ఇష్టమైనవాళ్ళకి పండగే.

బోట్స్వానా రేట్లు ఎందుకంతంటే, తక్కువమంది రావాలి, ఎక్కువ డబ్బివ్వాలి అని 1990లోనే ప్రభుత్వం విధానంగా పెట్టుకుంది. వజ్రాల ఆదాయం ఉంది కాబట్టి జనాన్ని కుక్కాల్సిన అవసరం దానికి రాలేదు. ఒకవాంగోలో మొరేమి రిజర్వ్‌ని 1963లో బటవానా తెగవాళ్ళు తమ భూమిలో తామే పెట్టుకున్నారు, వేట మితిమీరుతోందని. ఇదే దేశం సెంట్రల్ కలహారిలో సాన్ జనాన్ని 1997లో, 2002లో బయటికి తరలించింది. వాళ్ళు కోర్టుకెళ్ళి 2006లో గెలిచారు. మసాయిలు 1913లో ఓడిన రకం కేసు, తొంభై మూడేళ్ళ తర్వాత ఇంకో దేశంలో ఇంకొకళ్ళు గెలిచారు. గెలిచాక కూడా తిరిగి వెళ్ళడానికి ప్రభుత్వం ఎన్నో అడ్డంకులు పెట్టింది, అది వేరే సంగతి.

గొరిల్లాలు కావాలంటే రువాండా, ఉగాండా. రువాండా 2017లో పర్మిట్‌ని ఒక్కసారిగా 1,500 డాలర్లు చేసి, పార్కుల ఆదాయంలో ఊళ్ళకిచ్చే వాటా 5 నుంచి 10 శాతానికి పెంచింది. ఉగాండాలో 2024 జూలై నుంచి 800. ఉగాండా బ్విండి అడవి 1991లో పార్కయినప్పుడు అక్కడి బట్వా జనం భూమి, అడవి రెండూ పోగొట్టుకున్నారు. 1972లో ఇదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి ఆసియావాళ్ళని వెళ్ళగొట్టిన దేశం కూడా ఇదే. పర్మిట్ తేడా చూసి ఉగాండా ఎంచుకోవడంలో తప్పేం లేదు, బట్వాలకి వాటా ఇచ్చే లాడ్జీ ఏదో అడిగి ఎంచుకుంటే ఇంకా మంచిది.

మరి చివరికి ఏ దేశం? మచ్చ లేని దేశం కోసం చూస్తే ఇంట్లోనే కూర్చోవాలి. దాదాపు ప్రతి పార్కు కిందా ఎవరిదో ఒక ఊరుంది. తేడా ఎక్కడంటే, తర్వాత ఆ దేశం ఏం చేసిందన్న దగ్గర. కొన్ని భూమి తిరిగిచ్చాయి, కొన్ని అద్దె కడుతున్నాయి, కొన్ని ఇంకా ఖాళీ చేయిస్తున్నాయి. మనం రెండేళ్ళ బోనస్ దాచుకుని పెట్టే డబ్బు ఆ లెక్కలో ఏదో ఒక పక్క పడుతుంది.

మొదటిసారి, పిల్లల్తో, అమ్మానాన్నల్తో వెళ్ళేవాళ్ళకి నా ఓటు కెన్యాకి. అదీ మెయిన్ రిజర్వ్‌లో కాకుండా మసాయిలు లీజుకిచ్చిన కన్జర్వెన్సీలో బస, జనవరి–ఫిబ్రవరిలో. నది దాటే సీను ఉండదు. సింహాలు ఎక్కడికీ పోవు, జీపులు తక్కువ, ఫీజు తక్కువ, తిండికి ఇబ్బంది లేదు. నలుగురు స్నేహితులు, డ్రైవింగ్ సరదా ఉంటే నమీబియా. బడ్జెట్ బిగువుగా ఉంటే క్రూగర్, ఒక రాత్రి బాలూలేలో. టాంజానియాకి వెళ్ళొద్దని నేను అనను. వెళ్తే మాత్రం లాడ్జీ ఎవరి భూమిలో ఉందో కనుక్కుని వెళ్ళండి.

ఏ దేశమైనా డబ్బు కట్టేముందు ఏజెంటుని మూడు ప్రశ్నలడగండి. ఈ లాడ్జీ భూమి ఎవరిది? వాళ్ళకి నెలకో ఏడాదికో ఎంత ముడుతుంది? గైడు ఏ ఊరివాడు? నిజంగా పనిచేస్తున్నవాళ్ళు ఈ లెక్కలు గర్వంగా చెప్తారు, అడక్కుండానే పీడీఎఫ్ పంపిస్తారు. ప్రశ్నలడిగాక ఫోన్ ఎత్తడం మానేశాడనుకోండి, అదీ ఒక జవాబే. టేబుల్లో ఆ కాలమ్ నింపేసుకోండి.